ఆర్‌ఎన్‌ఏ మందుల పరిశోధన: ఈ దారిలో నడిచినవారు అనుభవాలు చెప్పగలరా?

పెన్నాతీరం (కడప): నేను కడపలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కణంలో జన్యువుల సందేశాన్ని మోసే అణువైన ఆర్‌ఎన్‌ఏ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది గానీ, జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వచ్చినా అయిదేళ్ల తర్వాత ఉద్యోగం దొరకదేమోనని నాన్నగారు భయపడుతున్నారు.

చిత్రావతి (అనంతపురం): అనంతపురంలో చదివి, హైదరాబాదులో ఆరేళ్లు ఈ పనే చేశాను. మొదటి ఎనిమిది నెలలు చెక్కుచెదరని ఆర్‌ఎన్‌ఏ నా చేతికి ఒక్కసారీ రాలేదు. ఆర్‌ఎన్‌ఏను పరిమాణం ప్రకారం వేరుచేసి చూసే జెల్ మీద 28ఎస్, 18ఎస్ అనే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏల గీతలు రెండూ కనిపించవలసిన చోట చెరిపేసినట్టు మరక మాత్రమే ఉండేది. మన చర్మం మీద ఉండే ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైములు (ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసేవి) మరిగించినా లొంగవని పుస్తకంలో చదివినదే అయినా, అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

మందుల విషయంలోనూ చిక్కు ఇదే. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏతో నులిపురుగుల్లో జన్యువుల పనిని ఆపవచ్చని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో బృందాలు 1998లో చూపాయి, 2006లో వారిద్దరికీ నోబెల్ వచ్చింది. అయినా ఆ సూత్రంతో తయారైన తొలి మందు పాటిసిరాన్‌కు అమెరికాలో అనుమతి 2018లో గానీ రాలేదు. ఆ కాలంలో చాలా భాగం, ఆ అణువు రక్తంలో ముక్కలు కాకుండా కాలేయ కణంలోకి ఎలా చేరుతుందన్న ప్రశ్నకే ఖర్చయింది. పాటిసిరాన్‌ను కొవ్వు రేణువుల్లో పొదిగారు. తర్వాత వచ్చిన కొన్ని మందులకు కాలేయ కణాలు గుర్తుపట్టే గాల్‌నాక్ అనే చక్కెరను తగిలించారు. కాబట్టి జీవశాస్త్రంతో పాటు కర్బన రసాయన శాస్త్రమూ చదవండి.

హంద్రీ (కర్నూలు): అధ్యాపకుడిగా ఒక మాట. కోవిడ్ ఆర్‌ఎన్‌ఏ టీకాలకు దారి వేసిన కటాలిన్ కరికో 2023లో నోబెల్ అందుకున్నారని అందరూ చెబుతారు గానీ, 1995లో ఆమెను విశ్వవిద్యాలయంలో కింది స్థాయికి దించారన్నది మరచిపోతారు. మీ నాన్నగారి భయం తప్పు కాదు. చేరే ముందు ఆ ల్యాబులో పనిచేసి వెళ్లినవారు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి.

పెన్నాతీరం: డిగ్రీలో కర్బన రసాయన శాస్త్రం గట్టెక్కితే చాలనుకున్నదాన్ని. ఇప్పుడు మొదలుపెట్టవచ్చా?

చిత్రావతి: తప్పకుండా మొదలుపెట్టవచ్చు. న్యూక్లియోటైడు (ఆర్‌ఎన్‌ఏ గొలుసులో ఒక్కో లంకె) చక్కెరలో రెండో స్థానం దగ్గర ఏ మార్పు చేస్తే అణువు ఎందుకు గట్టిపడుతుందో, అక్కడి నుంచి చదవండి. ఇంకొక మాట, నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరుకు జనరేటరు ఉందో లేదో చేరే రోజే అడగండి. ఒక వేసవిలో కరెంటు పోయి నా ఏడాది నమూనాలన్నీ కరిగిపోయాయి.