బతుకమ్మ రోజు పుస్తకాల మూల: గుర్రాల కథలు, మాయల కథలు ఎవరికి ఏవి పెడదాం?

నకిరేకల్ అక్క (పుస్తకాల మూల బాధ్యత):

అందరికీ నమస్తే. ఇక్కడ వర్జీనియాలో నల్లగొండ, పాలమూరు వాళ్లం కలిసి చేసుకునే బతుకమ్మకు ఈసారి పిల్లల కోసం పుస్తకాల మూల పెట్టడానికి కమిటీ ఒప్పుకుంది. హాలు పక్కనున్న చిన్న గది మనది. పెద్దలు ఒకవైపు బతుకమ్మలు పేర్చుకుంటూ, ఇంకోవైపు మైకుతో కుస్తీ పడుతూ ఉంటారు. ఆ సందులో పిల్లలు ఫోన్లు పట్టుకుని గోడకు ఆనుకుంటారు. ఆ టైమే మనకు కావాలి. పిల్లల్ని అడిగితే సగం మంది గుర్రాల కథలన్నారు, సగం మంది మంత్రాలు, డ్రాగన్లు అన్నారు. కాబట్టి ఈ రెండే పెడదాం. అన్నీ పెడితే ఒక్కటీ ముట్టుకోరు.

నాదొక మాట. పుస్తకం వెనక వేసే వయసు అంకెలను బట్టి బల్లలు వేయొద్దు. ఎవరు చదివి వినిపిస్తారో దాన్నిబట్టి వేద్దాం. ఇంగ్లీషు గడగడా చదివే పిల్లలు మనకు చాలామందే ఉన్నారు. తెలుగు వింటే అర్థమవుతుంది కానీ చదవడం రాని వాళ్లు అంతకంటే ఎక్కువ. వీళ్ల కోసం మన ఇండ్లలోనే మనుషులున్నారు. ఊరి నుంచి ఆర్నెల్లకని వచ్చి, మనం ఆఫీసులకు పోయాక ఏం తోచక కూర్చునే అమ్మలూ నాయినలూ. నవలలు పిల్లల చేతికిద్దాం, తెలుగు కథలు వీళ్ల నోట చెప్పిద్దాం.

గుర్రాల కథలంటే అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయనుకుంటాం గానీ, మన దగ్గర ఉన్నవి తక్కువా? అయిదారేండ్ల వాళ్లకు కద్రువ, వినతల పందెం చాలు. ఉచ్చైశ్రవం అనే గుర్రం తోక తెలుపా నలుపా అని పందెం, పాములు పోయి తోకకు చుట్టుకోవడం. ఇంకొంచెం పెద్దవాళ్లకు నలుడు. బాహుకుడి వేషంలో రథం తోలుతుంటే ఋతుపర్ణ రాజు పైబట్ట జారి కింద పడుతుంది. ఆపు, తీసుకుందాం అనేలోపు అది ఆమడ దూరం వెనకబడిపోయింది! ఆ తర్వాత తాండ్ర చెట్టు కింద ఆగి ఆకులూ కాయలూ లెక్కపెట్టే ఘట్టం. నలుడికి గుర్రాల విద్య తెలుసు, రాజుకు లెక్కల విద్య తెలుసు, ఒకరిది ఒకరు మార్చుకుంటారు. లెక్కల పిచ్చి ఉన్న పిల్లలకు ఇది తప్పకుండా చెప్పించండి.

మాయలూ గుర్రమూ రెండూ ఒకేచోట కావాలంటే ఉదంకుడు. నన్నయ ఆదిపర్వంలో ఉంది. గురుపత్ని కోసం తెస్తున్న కుండలాలను తక్షకుడు ఎత్తుకుపోతే, పాతాళానికి పోయి, అక్కడ కనబడ్డ గుర్రం చెవిలో ఊదితే నాగలోకమంతా మంటలు. చివరికి ఆ గుర్రమే అతన్ని టైముకు గురువు ఇంటికి చేరుస్తుంది. ఇక కీలుగుర్రం సంగతి మీ అమ్మలకు నేను చెప్పక్కర్లేదు. ఎవరి అమ్మ ఏ కథ చెప్తుందో పేర్లు రాయండి.

మిర్యాలగూడ అన్న:

బాగుంది చెల్లె. మా నాయిన కీలుగుర్రం చెప్తాడు, కానీ ఒకసారి మొదలుపెడితే ఆపడం నీ పూచీ. రెండు సంగతులు. ఒకటి, నిజం గుర్రాన్నే తెప్పించి పిల్లల్ని ఎక్కిస్తే ఎట్లుంటుంది? ఇక్కడ కిరాయికిస్తారు. రెండు, హ్యారీ పోటర్ సెట్టు మా ఇంట్లో ఏడూ ఉన్నాయి, పెట్టమంటే పెడతా.

నకిరేకల్ అక్క:

గుర్రం వద్దన్నా. ఇన్సూరెన్స్ కాగితాలు, హాలు వాళ్ల పర్మిషన్, డప్పుల చప్పుడుకు అది బెదిరితే ఇగ అంతే. హ్యారీ పోటర్ కూడా వద్దు. బాగలేక కాదు, అది లేని ఇల్లు లేదు గనుక. మన బల్ల మీద చోటు తక్కువ, పిల్లలకు ఎదురుపడని పుస్తకానికే ఇద్దాం. ఒక్క తెలుగు కాపీ మాత్రం పెడదాం. మొదటి భాగం ‘పరుసవేది’ అని తెలుగులో వచ్చింది. ఇంగ్లీషులో కథంతా నోటికొచ్చిన పిల్ల తెలుగులో కూడబలుక్కునైనా చదువుతుంది, ముందేం జరుగుతుందో తెలుసు కదా.

ఇక చేతికిచ్చేవి. నాలుగేండ్ల నుంచి ఏడేండ్ల వాళ్లకు ‘బిల్లీ అండ్ బ్లేజ్’. 1936 నాటిది, పేజీకి నాలుగు ముక్కలు, మిగతాదంతా పెన్సిల్ బొమ్మలే. ఎనిమిది దాటిన వాళ్లకు ‘మిస్టీ ఆఫ్ చింకటీగ్’. 1947లో వచ్చింది, మన రాష్ట్రం కథే. అసటీగ్ దీవి నుంచి చింకటీగ్‌కు గుర్రాలను ఈదిస్తారు చూడండి, ఏటా జూలై చివరి వారంలో, అదే. కథలోని మిస్టీ కూడా నిజం గుర్రమే. ఈ పుస్తకం చదివిన పిల్లలున్న ఇల్లు వచ్చే జూలైలో ఎటు పోవాల్సి వస్తుందో ముందే చెప్తున్నా, హోటళ్లు తొందరగా నిండిపోతాయి.

అదే రచయిత్రిది ‘కింగ్ ఆఫ్ ది విండ్’ ఇంకా నచ్చింది నాకు. మొరాకో నుంచి ఫ్రాన్సుకు, అక్కడి నుంచి ఇంగ్లండుకు పోయిన గుర్రం, దాని వెంటే పోయిన మాటలు రాని పిల్లగాడు. పరాయి దేశంలో నోరు మెదపలేని పిల్లల బాధ ఏమిటో మన పిల్లలకు చెప్పనక్కర్లేదు. అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ 1949లో వచ్చింది దీనికి.

‘ది హార్స్ అండ్ హిజ్ బాయ్’ కూడా పెడుతున్నా. నార్నియా అనే మాయాలోకపు పుస్తకాల్లో ఒకటి, 1954. బ్రీ అనే మాట్లాడే గుర్రానికి డాబు ఎక్కువ. నేల మీద పొర్లడం దానికి మహా ఇష్టం, కానీ నార్నియాలో మాట్లాడే గుర్రాలు పొర్లుతాయో లేదో, పొర్లితే పరువు పోతుందేమో అని ఒకటే టెన్షన్. పిల్లలు అక్కడ పడీ పడీ నవ్వుతారు. ఒక్కటే ఇబ్బంది, అందులో తలపాగాలు కట్టిన దక్షిణాది రాజ్యం వాళ్లందరినీ క్రూరులుగా, మోసగాళ్లుగా చూపించిన తీరు. పదేండ్లు దాటిన పిల్లలతో అయితే ఆ మాట నేరుగా మాట్లాడొచ్చు. దాచిపెట్టడం కంటే అదే నయం.

దేవరకొండ అక్క:

‘బ్లాక్ బ్యూటీ’ మర్చిపోయినవా, కావాలనే వదిలేసినవా? మా చిన్నది మూడో క్లాసులో చదివి, అందులో జింజర్ అనే గుర్రం చచ్చిపోయే దగ్గర అన్నం మానేసింది. అందుకే అడుగుతున్నా.

నకిరేకల్ అక్క:

కావాలనే ఆగాను అక్కా. అసలు అన్నా సెవెల్ దాన్ని పిల్లల కోసం రాయలేదు. గుర్రాలతో పనిచేసే వాళ్ల కోసం 1877లో రాసింది, మరుసటేడే చనిపోయింది. గుర్రం తల ఎత్తి అందంగా కనబడాలని మెడను బిగించి కట్టే తోలు పట్టీ మీద ఆమెకున్న కోపమంతా అందులో ఉంది. గుర్రమే తన కథ చెప్పుకుంటుంది కాబట్టి పిల్లల పుస్తకమని అందరూ చిన్నవాళ్లకిస్తారు. నేనైతే పదకొండు దాటాకే, పెద్దవాళ్లెవరన్నా పక్కనుంటేనే ఇస్తా. ‘వార్ హార్స్’ కూడా అంతే, అది మొదటి ప్రపంచయుద్ధం. ఏడుపు లేకుండా ఉరుకులు పెట్టే కథ కావాలంటే ‘ది బ్లాక్ స్టాలియన్’ ఉంది, ఓడ మునిగి ఒక పిల్లగాడు, ఒక గుర్రం దీవిలో పడతారు.

నల్లగొండ వదిన (ఊరి నుంచి):

మీ మాటలు చదువుతున్నా. ‘బ్లాక్ బ్యూటీ’ గురించి ఒక్క మాట. మా బడిలో ఎనిమిదో తరగతికి కుదించిన పుస్తకం నుంచి తెలుగులో చెప్పాను. మా పిల్లలకు గుర్రమంటే పెండ్లి బారాత్‌లో కనబడేదే. ఒకప్పటి టాంగాలు వాళ్లకు తెలియవు. కథ అయ్యాక ఒక పిల్ల లేచి, ‘మరి బారాత్ గుర్రానికి డీజే చప్పుడు పడుతుందా మేడం, దాని కండ్లకు గంతలు అందుకే కడతారా?’ అంది. దాని మీదే పీరియడ్ మొత్తం నడిచింది. కాబట్టి ఏడుస్తారని భయపడకండి, ఎవరో ఒకరు పక్కన కూర్చుంటే చాలు.

ఇక్కడి నుంచి ఏం పంపాలో చెప్పండి. చందమామ సీరియళ్లు మా దగ్గర పుస్తకాలుగా ఉన్నాయి: దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘పాతాళదుర్గం’. చిత్రా వేసిన బొమ్మలతో సహా. మన తెలుగులో ఫాంటసీ లేదనే వాళ్లకు వీటిని చూపించాలి. ప్రతి భాగం ఒక గండం దగ్గర ఆగుతుంది, చదివి వినిపించే వాళ్లకు ఇంతకంటే సులువు లేదు. చిన్నవాళ్లకు బొమ్మల కథలు కావాలంటే మోయనక్కర్లేదు, ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగువి ఉచితంగా ఉన్నాయి, అక్కడే ప్రింటు తీసుకోండి. మా అన్నావాళ్లు వచ్చే నెల వస్తున్నారు. కానీ వాళ్ల పెట్టెల్లో సకినాలు, పచ్చళ్లు పోగా ఎంత చోటు మిగులుతుందో మీకు తెలుసు.

మీరు చదివేసిన ఇంగ్లీషువి తిరుగు పెట్టెల్లో మా బడికి పంపండి. లావువి వద్దు, బొమ్మలున్నవి, పెద్ద అక్షరాలవి పంపండి.

నాగర్‌కర్నూల్ తమ్ముడు:

పెద్ద పిల్లల బల్లకు అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ నేను తెస్తాను. గుర్రపు దళం, మారువేషాలు, కోటలు, రుద్రమదేవి, ఇంకేం కావాలి? గోన వాళ్ల వర్ధమానపురం అంటే మా పక్కనున్న వడ్డెమానే. కాకపోతే భాష బరువు, ఇక్కడి పదహారేండ్ల వాళ్లు సొంతంగా చదవలేరు. ఒక అధ్యాయం నేను కథగా చెప్తాను. రుద్రమ మరణం గురించిన 1289 నాటి శాసనం చందుపట్లలో ఉంది కదా అక్కా, మీ నకిరేకల్ పక్కనే. దాని ఫోటో ఉంటే గోడకు పెడదాం.

ఇంగ్లీషులో ఈ వయసుకు ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అంటాను. 1968లో ఉర్సులా లెగ్విన్ రాసింది. మేకలు కాసే పిల్లగాడు మంత్రవిద్య నేర్చి, గొప్పకు పోయి తన నీడనే తన మీదికి తెచ్చుకుంటాడు. యుద్ధాలు లేవు, సన్న పుస్తకం.

నకిరేకల్ అక్క:

సరే, ఖాయం. శాసనం ఫోటో మా పెద్దన్న తీసి పంపుతాడు. ‘హాబిట్’ నా దగ్గరుంది, తొమ్మిది దాటినవాళ్లకు అది కలుపుతున్నా, మొదటి అధ్యాయం గొంతెత్తి చదవడానికి బాగుంటుంది. వదినా, చందమామవి మూడూ పంపండి, పచ్చళ్ల సంగతి నేను అన్నావాళ్లతో మాట్లాడతా. మిర్యాలగూడ అన్నా, నాయినకు బతుకమ్మ ఆట మొదలయ్యే ముందు టైమిస్తున్నా, డప్పు కొట్టగానే ఆపక తప్పదు. దేవరకొండ అక్కా, నువ్వు ‘బ్లాక్ బ్యూటీ’ పక్కన కూర్చో, నీకు అనుభవం ఉంది.

పుస్తకాల లోపల అట్ట మీద ఇంటిపేరు పెన్సిల్‌తో రాసి తెండి, ఎవరివి వాళ్లకు చేరాలి. కథలు చెప్పే పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేరు. చేతులున్న కుర్చీలు ఎవరింట్లో ఉన్నాయో, ఎవరి వ్యాన్‌లో పడతాయో శనివారంలోపు ఇక్కడే రాయండి.