డైవ్ లైట్ చాలా, స్ట్రోబ్ కొనాల్సిందేనా?

హన్మకొండ పోరడు: నీళ్ల కింద ఫోటోలు తీయడానికి జనవరిలో అండమాన్‌లోని హావ్‌లాక్ పోతున్నా. అదే, 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు కదా, ఆ దీవి. పోయినసారి మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవిలో నీళ్లలో దిగి తీసిన ఫోటోలన్నీ నీలి సిరాలో ముంచి తీసినట్టున్నాయి. నాతో దిగినాయన కాళ్లకు తొడుక్కున్న ఎర్ర ఫిన్స్ కూడా బూడిద రంగులో పడ్డాయి. నా దగ్గరున్న పైసలకు ఒక్కటే వస్తుంది. మంచి డైవ్ లైటా (నీళ్లలో ఆగకుండా వెలిగే టార్చి), సెకండ్‌హ్యాండ్ స్ట్రోబా (ఫోటో తీసే క్షణంలో మెరిసే ఫ్లాష్)?

కాజీపేట కెమెరా: స్ట్రోబే, తమ్మీ. నీళ్లు ముందు మింగేది ఎరుపునే. ఐదారు మీటర్లు దిగేసరికి చాలావరకు పోతుంది. అది తిరిగి రావాలంటే పైనుంచి వచ్చే ఎండను మించిన వెలుగు కావాలి. డైవ్ లైటు అంటే పట్టపగలు టార్చి వేసినట్టే. స్ట్రోబ్ తన వెలుగంతా మిల్లీసెకన్లలో గుమ్మరిస్తుంది, చేప తోక ఊపినా ఫోటో చెదరదు. లైటుతో అయితే షట్టర్ నెమ్మదిగా పెట్టాలి, లేదంటే ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం, పెంచాలి. రెండూ నష్టమే.

గట్టుమీద: అన్నా, మీరు పెద్ద కెమెరా లెక్క చెప్తున్నారు. ఈయన దగ్గర ఏముందో అడిగారా? యాక్షన్ కెమెరాలు (హెల్మెట్‌కో చేతికో బిగించుకునే చిన్నవి) చాలావరకు స్ట్రోబ్‌తో కలిసి పనిచేయవు. లైటైతే వెలుగు ఎక్కడ పడుతుందో బటన్ నొక్కకముందే కనిపిస్తుంది, వీడియోకూ పనికొస్తుంది. రొయ్యనో నత్తనో జానెడు దూరం నుంచి తీస్తే ఎండతో పోటీయే లేదు.

కాజీపేట కెమెరా: జానెడు దూరం సరే. ముఖం మీద అంత వెలుగు కొడితే చేప తిరిగి పోతుంది. ఆల్బం నిండా తోకలే మిగులుతాయి.

గట్టుమీద: అందుకే ఎర్ర వెలుగు మోడ్ ఉన్నది కొనమనేది. చాలా చేపలకు ఎరుపు సరిగా ఆనదు. దాంతో ఫోకస్ చేసుకుని, తీసే ముందు తెల్లదానికి మార్చుకోవచ్చు. సన్నగా పడే టార్చి మాత్రం వద్దు, ఫోటో మధ్యలో తెల్ల బిళ్ల పడుతుంది. వంద డిగ్రీల దాకా పరుచుకునేది చూడండి.

పాఖాల నీళ్లు: ఏది కొన్నా, పెట్టే చోటు తప్పితే పైసలు నీళ్లపాలే. చలికాలం పొద్దున నర్సంపేట రోడ్డు మీద మంచులో హైబీమ్ వేస్తే ఏం కనిపిస్తుంది? తెల్ల గోడ. నీళ్లలో నలకలూ అంతే. లైటు లెన్స్ పక్కనే ఉంటే ముందు అవే మెరుస్తాయి. కడ్డీలకు బిగించి పక్కకు దూరంగా జరిపి, కొంచెం బయటికి తిప్పాలి. నమ్మకపోతే ఇంట్లో తొట్టిలో గుప్పెడు మట్టి కలిపి చూసుకో.

హన్మకొండ పోరడు: నాది యాక్షన్ కెమెరానే, చెప్పడం మరిచా. ఇందాకే తొట్టిలో మట్టి కలిపి ఇత్తడి చెంబు ముంచి చూశా. వాటర్‌ప్రూఫ్ టార్చిని కెమెరాకు ఆనించి పెడితే చెంబే లేదు, అన్నీ తెల్ల చుక్కలు. మూరెడు పక్కకు జరిపితే చెంబు మీద కొట్టించిన మా తాత పేరు చదవొచ్చు!

కాజీపేట కెమెరా: యాక్షన్ కెమెరా అని ముందే అంటే నా టైపింగ్ మిగిలేది కదా. అయితే లైటే తీసుకో. పెద్ద కెమెరా కొన్న రోజు మాత్రం నా మాటే. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ బ్యాగులో వేయకు, చేతిసంచిలో పెట్టుకో.

హన్మకొండ పోరడు: సరే అన్నా. తొట్టి కడగమని అమ్మ కేకేస్తోంది, మళ్లీ వస్తా.