‘ధమనీ కాఠిన్యం’ అంటే సరిపోతుందా?

అన్నయ్య పరీక్షల కాగితంలో ‘అథెరోస్క్లెరోసిస్’ అని ఉంది. ‘ధమనీ కాఠిన్యం’ అని చెప్పాను. “అంటే నరం బిగుసుకుపోయిందా?” అంది వదిన. నెత్తురు పారేదాన్నీ, నొప్పి తెలిపేదాన్నీ మనం నరమే అంటాం మరి. గిడుగు వారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఉండి ఇంటివాళ్ళకు అర్థంకాని మాట వాడినందుకు సిగ్గేసింది.

ఈ పేరు 1904లో జర్మన్ వైద్యుడు ఫెలిక్స్ మార్షాన్ పెట్టినది. గ్రీకులో ‘స్క్లెరోసిస్’ గట్టిపడటం, ‘అథేరే’ జావ. ధమని, అంటే గుండె నుంచి నెత్తురు తీసుకెళ్ళే గొట్టం, దాని గోడలో కొవ్వు పేరుకుని గడ్డ కడుతుంది అంటారు. ఆ గడ్డ లోపల జావలాంటి ముద్ద ఉంటుంది కనుక ఆ పేరు. మన అనువాదం గట్టిదనాన్ని ఉంచుకుని జావను పారబోసింది. ‘జావగడ్డ’ అందామా?

రాయగడ నుంచి: మా ఇంట్లో పొద్దున్నే చోడి అంబలి తాగుతాం. జబ్బుకు జావ పేరు పెడితే మా అమ్మ ఊరుకోదు.

బరంపురం నుంచి: నేను జీవశాస్త్రం చెబుతాను. పేరు సంగతి తరువాత, ‘కొవ్వు పేరుకుంది’ అనే మాటతోనే నాకు పేచీ. అది మురికి పట్టిన గొట్టం కాదండీ. లోపలి పొర దెబ్బతిన్నచోట చెడు కొలెస్ట్రాల్ గోడలోకి దిగుతుంది. దాన్ని మింగడానికి రక్తంలోని తెల్లకణాలు వస్తాయి. కొవ్వు చుక్కలతో నిండిపోతే సూక్ష్మదర్శినిలో నురగలా కనిపిస్తాయి, అవే నురగ కణాలు.

అసలు విచిత్రం గోడ నడిమి పొరలోని కండర కణాలది. ముడుచుకోవడం, సడలడం వాటి పని. అది వదిలేసి లోపలి పొరకు వలస వెళ్ళి, సంఖ్య పెంచుకుని, కొల్లాజెన్ అనే గట్టి పీచు నేస్తాయి. కొన్ని తామే కొవ్వు మింగి నురగ కణాలవుతాయి. చూడటానికి తెల్లకణాలే, పారిశుధ్యం మాత్రం వాటంత బాగా చేయలేవు. పుస్తకాల్లో దీన్ని ‘రూపాంతరం’ అంటారు. మారింది రూపం ఒక్కటేనా? పని మారింది, చోటు మారింది. నా తరగతిలో ‘వృత్తి మారిన కణం’ అంటాను, పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

పర్లాకిమిడి నుంచి: ఆ కొల్లాజెన్ గడ్డ మీద మూతలా పరుచుకుంటుంది కదండీ? చల్లారిన అంబలి మీద కట్టే తెట్టె గుర్తొచ్చింది. తెట్టె మందంగా ఉన్నంతకాలం జావ కదలదు. పలచబడి చిట్లితే నెత్తురు అక్కడే గడ్డకట్టి దారి మూసుకుపోతుంది, గుండెపోటు వస్తుంది. వదినకు ఇలాగే చెప్పాను. “అయితే తెట్టె చిట్లకుండా మందు ఉందా?” అని వెంటనే అడిగింది.

రాయగడ నుంచి: ‘తెట్టె’కు నా ఓటు. అంబలి పేరు మాత్రం వద్దు.