మారిషస్ ఎయిర్‌పోర్టు సర్వేలో నేను చెప్పిన రూపాయలు ఎవరి రూపాయలు?

కొత్తపేట శారద

నమస్కారం అండీ. నవ్వుకోనంటే ఒకటి అడుగుతాను.

2024 నవంబరులో మా ఇరవై ఐదో పెళ్లిరోజుకి మారిషస్ వెళ్లొచ్చాం. హైదరాబాద్ నుంచి ముంబై, అక్కడ ఎయిర్ మారిషస్ ఎక్కాం. ఆరు రాత్రులు. ప్యాకేజీ హిమాయత్‌నగర్‌లో ఒక ఏజెంటు దగ్గర తీసుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర కూర్చుంటే, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్‌తో ఒక అమ్మాయి వచ్చి పర్యాటకుల సర్వే అంది. మా ఆయన చటుక్కున కళ్లు మూసుకున్నారు. నేను దొరికిపోయాను.

పాలపాకెట్ల దగ్గర్నుంచి పద్దు రాసే అలవాటు నాది. ప్యాకేజీ 2,42,550, పైఖర్చు 38,000 అని టకటకా చెప్పేశాను. "రూపీస్?" అంది. "రూపీసే" అన్నాను. విమానం ఎక్కాక గుర్తొచ్చింది, వాళ్లవీ రూపాయలే కదా! మాకు వాళ్ల రూపాయికి మన రూపాయి ఎనభై పైసల చొప్పున పడింది. హోటలు, భోజనం, మనుషులు, శుభ్రత అంటూ అయిదుకి మార్కులు కూడా అడిగింది. అన్నిటికీ అయిదు వేశాను. పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే మూడు ఎలా వేస్తాం?

ఏడాది దాటినా ఈ పురుగు తొలుస్తూనే ఉంది. నా ఒక్కదాని తప్పుతో వాళ్ల లెక్కలు పాడవుతాయా? అసలు ఇవన్నీ ఎందుకు అడుగుతారు?

పాత సర్వేయరు

శారదగారూ, ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి ఖర్చుల సర్వేలు చేసినవాణ్ని. మీలాంటి పద్దు మనిషి దొరికితే మాకు ఆ రోజు పండగే.

ఎందుకంటే, వచ్చినవాళ్ల తలలు లెక్కపెట్టడం ద్వీపానికి సులువు. విమానమో ఓడో తప్ప దారి లేదు. మారిషస్ జనాభా 12, 13 లక్షలైతే 2018లో దిగిన పర్యాటకులు 14 లక్షలకు కొంచెం తక్కువ. కానీ ఎంత ఖర్చు పెట్టారన్నది పాస్‌పోర్టు ముద్ర చెప్పదు. వెళ్లిపోయేవాళ్లని ఆపి అడగాల్సిందే. దిగగానే అడిగితే అది అంచనా, ఇంటికెళ్లాక అడిగితే మతిమరుపు. అందుకే గేటు దగ్గర పట్టుకుంటారు.

ప్యాకేజీ సంగతే అసలు చిక్కు. మీరిచ్చిన డబ్బంతా మారిషస్ చేరలేదు. బిల్లులో టీసీఎస్ అని ఏజెంటు ముందే పట్టుకునే ఆదాయపు పన్ను ఉంటుంది చూడండి, అది ఖర్చే కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది. జీఎస్టీ మన సర్కారుకి పోయింది. ఏజెంటు లాభం హిమాయత్‌నగర్‌లోనే ఆగింది. ఎయిర్ మారిషస్ టికెట్టు వాళ్ల దేశానికి పోయినా విదేశీ లావాదేవీల లెక్కల్లో ప్రయాణికుల రవాణా కింద పడుతుంది, పర్యాటకుల ఖర్చుతో కలవదు. అందుకే ప్యాకేజీలో ఏమేం ఉన్నాయి, ఎంతమందికి అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఇద్దరి డబ్బు ఒక్కరి పేరున పడిందో, తలకి రాత్రికి ఇంత అనే లెక్క రెట్టింపైపోతుంది.

పైఖర్చు 38,000లో ఏమున్నాయో రాయండి. ఐక్యరాజ్యసమితి 2008 సిఫార్సులని పర్యాటక గణాంకాలకు ఒక పద్ధతి ఉంది. దాని ప్రకారం తీసేయాల్సినవి ఉండొచ్చు.

నాచారం క్యాబ్ తమ్ముడు

అక్కా, ముప్పై ఎనిమిది వేలు వాళ్ల రూపాయల్ల రాసుకుంటే మారిషస్ ఆమ్దానీ మీరే పెంచిన్రు, దండ ఎయ్యాలె మీకు.

మార్కుల ముచ్చట నాకడుగున్రి. నేను శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు బండి నడిపిస్త. దిగేటప్పుడు "మస్తుగ తోలినవ్ తమ్మీ" అని నాలుగు స్టార్లు కొడ్తరు. ఆళ్ల మనసుల నాలుగంటె మంచిదే. నాకు మాత్రం నాలుగు పడ్డదంటె రేటింగు కిందికే. గా పిల్లకు మీరు అయిదు ఏసుడే నయమైంది.

పాత సర్వేయరు

తమ్ముడు గట్టి మాటే అన్నాడు. మీ స్నేహితులకు ఈ చోటు చెబుతారా అని సున్నా నుంచి పది వరకు అడిగే పద్ధతి ఒకటుంది. మన చదువుల్లో వందకు అరవై వస్తే ఫస్ట్ క్లాసు, కాబట్టి పదికి ఏడంటే మెచ్చుకోలే. ఆ పద్ధతిలో ఏడు, ఎనిమిది ఎటూ కాని మార్కులు. తొమ్మిది, పది వేసినవాళ్లే మెచ్చినట్టు. ఆరు, ఆ కిందివన్నీ అసంతృప్తి. కాబట్టి ఒక దేశంవాళ్ల మార్కుని ఇంకో దేశంవాళ్లదాని పక్కన పెట్టి పోల్చేముందు కాస్త ఆలోచించాలి.

అయితే తమ్ముడూ, అయిదు వేయడమే నయం అంటే మాత్రం ఒప్పుకోను. మొహమాటపు అయిదు ఎవరికీ పనికిరాదు. నన్నడిగితే చివర్లో ఏం నచ్చలేదని అడిగే ఖాళీ గడి ఒక్కటీ ఈ మార్కులన్నిటి పెట్టు. మీరేం చెప్పారు శారదగారూ?

కొత్తపేట శారద

అన్నగారూ, "నథింగ్, నథింగ్" అన్నాను! సిగ్గేస్తోంది ఇప్పుడు.

పద్దు పుస్తకం తీశాను. 38,000లో కోఠీలో కొన్న సూట్‌కేసు 4,500 ఉంది. ముంబై ఎయిర్‌పోర్టు దోసెలు 760. గంగా తలావ్ గుడి హుండీలో వాళ్ల 200 రూపాయలు. మా డ్రైవరు ఇంటికి పిలిచి అన్నం పెడితే, వాళ్ల పాప చేతిలో పెట్టినవి అవే రూపాయలు 500. ఇవి తీసేయాల్సినవేనా?

పాత సర్వేయరు

అన్నీ తీసేయండి. సూట్‌కేసు, దోసెలు ప్రయాణం ఖర్చే కానీ మన దేశం ఖాతా. హుండీ, పాప చేతి డబ్బు దానం కిందికొస్తాయి, ఏదీ కొన్నట్టు కాదు.

కొత్తపేట శారద

అయితే మిగిలింది మన డబ్బులో 31,480. వాళ్ల రూపాయల్లో 17,489. ట్యాబులో పడింది 38,000! ప్యాకేజీలో టీసీఎస్ 11,550, జీఎస్టీ 11,000, టికెట్లు 84,000 పోగా 1,36,000. అందులో ఏజెంటు ఎంత మిగుల్చుకున్నాడో ఆయనకే తెలియాలి. మా ఆయనకు చూపిస్తే, "అందుకే నేను కళ్లు మూసుకున్నది" అన్నారు.

ఇంకొకటి. ఆ డ్రైవరు వాళ్ల పెద్దలు కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లినవాళ్లట. మా అమ్మమ్మది తాళ్లరేవు, కోరంగి పక్కనే. అక్కడ ఉగాదికి దేశమంతా సెలవని చెప్పి ఆయన పొంగిపోయాడు. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ కూడా ఆయనే చూపించాడు. చెరుకు తోటల కూలీలుగా వచ్చినవాళ్లు ఓడ దిగి ఎక్కిన పదహారు మెట్లు. 2006లో యునెస్కో జాబితాలో చేరిందట. ఆరు రోజుల్లో నేను ఎక్కువసేపు నిలబడిపోయింది అక్కడే. పైసా ఖర్చు కాలేదు, ఆ పిల్ల అడిగిన మార్కుల్లో దాని ఊసే రాలేదు.

ఆ ఖాళీ గడి మళ్లీ ఇస్తే మాత్రం, హోటల్లో మా శాకాహారుల తిప్పలు రాస్తాను. మూడు రాత్రులు అదే పాస్తా పెట్టారు. నాలుగో రోజు నుంచి బజార్లో ధాల్ పూరీతోనే కడుపు నింపుకున్నాం, చూడ్డానికి తీపి లేని బొబ్బట్టే. భోజనానికి రెండు వేయాల్సింది.

నాచారం క్యాబ్ తమ్ముడు

అక్కా, ఆ ధాల్ పూరీ పైసలు పద్దుల రాసిన్రా?

కొత్తపేట శారద

రాశాను తమ్ముడూ. మూడు రోజులకు వాళ్ల 240.