వృద్ధాశ్రమంలో న్యుమోనియా: ఆసుపత్రికి తరలించాల్సిందేనా?

పెద్దకొడుకు:
నాన్నగారికి 84 ఏళ్లు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు). నర్సులుండే ఆశ్రమంలో ఉంటున్నారు. న్యుమోనియా వచ్చినా వీలైతే అక్కడే మందులిస్తాం అంటున్నారు. ఇది నిర్లక్ష్యం కాదా? ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందేనని నేనంటాను.

నైట్‌డ్యూటీ నర్సు:
మీ టెన్షన్ అర్థమవుతోందండీ. కానీ న్యుమోనియా అనగానే అంబులెన్స్ అంటే నేను ఒప్పుకోను. మా దగ్గర ఒక పెద్దావిడకి జ్వరం లేదు, దగ్గూ అంతగా లేదు. రోజూ తన చేత్తోనే తినే మనిషి, ఆ పూట చెంచా పట్టుకుని ఊరికే చూస్తూ కూర్చున్నారు. వాచీ చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాను, 28, మామూలు కంటే ఎక్కువ. ముసలివాళ్లలో ఈ జబ్బు చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. ఆక్సిజన్ 93, బీపీ బాగుంది, నీళ్లు మింగుతున్నారు. డాక్టరుగారు మాత్రలు రాశారు. తన మంచం మీదే కోలుకున్నారు.

కెనడాలో 22 ఆశ్రమాల్లో 680 మంది మీద చేసిన పరిశోధన 2006లో వచ్చింది. ఊపిరి 30 లోపు, నాడి 100 దాటకుండా, పై బీపీ 90కి, ఆక్సిజన్ 92కి తగ్గకుండా ఉండి, తిని తాగగలిగితే ఆశ్రమంలోనే వైద్యం చేశారు. ఈ పద్ధతిలో ఆసుపత్రిలో చేరినవాళ్లు 10 శాతం, మామూలు పద్ధతిలో 22 శాతం. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డిమెన్షియా ఉన్నవాళ్లకి కొత్త చోటు, కొత్త ముఖాలు ఎంత నరకమో నేను చూశాను. చేతికున్న సెలైన్ పీకేసుకుంటారు, రాత్రంతా నిద్రపోరు.

పెద్దకొడుకు:
లెక్కలు సరే. అర్ధరాత్రి రెండింటికి ఆయాసం ఎక్కువైతే చూసేదెవరు?

నైట్‌డ్యూటీ నర్సు:
అడగాల్సింది అదేనండీ. రాత్రిపూట ఊపిరి లెక్కపెట్టే మనిషి, ఫోన్ ఎత్తే డాక్టరు లేని చోటైతే మా అమ్మనైనా ఆసుపత్రికే పంపిస్తాను. ఆ అంకెలు దాటినా, గుటక పడకపోయినా అంతే. అయితే డిమెన్షియా బాగా ముదిరినవాళ్ల విషయంలో, ఇంజెక్షన్లా, ఉపశమనమా అన్నది వాళ్ల ఇష్టాన్ని బట్టి ఉండాలి. నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఏమనేవారో గుర్తు చేసుకుని, ఇప్పుడే డాక్టరుతో మాట్లాడి రాయించి పెట్టండి.

ఇంకొకటి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెడుతున్నారా, రోజూ నోరు శుభ్రం చేస్తున్నారా? ఈసారి వెళ్లినప్పుడు భోజనం వేళకి వెళ్లి మీ కళ్లతో చూడండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయే ముద్దతోనే చాలామందికి ఇది మొదలవుతుంది.