ఏండ్ల తరబడి పంటి డాక్టర్ దగ్గరికి పోనోళ్లకు: మత్తులో ఒక్కసారే అన్నీ చేయించుడా, విడతలుగానా?

మునుగోడు మాస్టర్:
మన దిక్కు తరచు వినవడే మాటను చర్చకు పెడుతున్న. "ఇన్నేండ్లు పోలే, ఇప్పుడు పోతే డాక్టర్ తిడతడు. సూదంటే భయం. మత్తిచ్చి ఒక్కసారే అన్నీ చేసేస్తే అయిపోతది." ఒక మనిషిని అనుకుందాం: వయసు నలభై అయిదు, పదేండ్ల గార, పైన రెండు పిప్పి పండ్లు, కింది దవడ పన్ను ఒకటి చీము వట్టింది. ఈయనకు ఏది మేలు? ఎవరి అనుభవాలూ వద్దు, కారణాలు చెప్పుండ్రి.

దేవరకొండ దంతవైద్యం:
విడతలుగానే, మాస్టారూ. ఈ భయానికి మూలం నొప్పి ఒక్కటే కాదు. కుర్చీలో పడుకున్నంక ఏం చేస్తరో తెలియదు, వద్దన్నా ఆపుతరో లేదో తెలియదు. అందుకే మొదటి రోజు పనిముట్టు ముట్టొద్దు. అద్దంతో చూసుడు, దవడ మొత్తం వచ్చే ఎక్స్‌రే (ఓపీజీ), బీపీ, షుగర్, అంతే. ఆ రోజే ఒక ఒప్పందం కావాలె: ఎడమ చెయ్యి లేపితే పని ఆగుతది, ఎందుకని అడగరు. మొదటి పది నిమిషాల్లోనే ఒకసారి ఉత్తగనే చెయ్యి లేపి చూడమని చెప్పాలె. నిజంగ ఆగిందని కండ్లతో చూస్తేనే నమ్మకం కుదురుతది.

రెండో విడత గార తీసుడు. మూడోసారి పై పన్ను ఫిల్లింగ్. పై దవడ ఎముక పలుచన, పన్ను పక్కన చిన్న సూది వేసినా మందు ఇంకుతది. కింది దవడ ఎముక గట్టిది, వెనక నరం దగ్గరికి పోయి వెయ్యాలె. దాన్ని ఆఖరుకు పెట్టాలె.

చీము పన్ను మాత్రం వరుసలో ఆగదు, ముందుకు రావాలె. అక్కడే చాలామందికి "సూదేసినా నొప్పి తగ్గలే" అన్న చేదు గుర్తు మిగులుతది. చీమున్న చోట కండ పుల్లబడి ఉంటది. ఆ ఆమ్లంలో లిగ్నోకైన్ (సూదిలో వేసే తిమ్మిరి మందు) నరం పొరను సరిగ్గ దాటి లోపలికి పోలేదు. అట్లాంటప్పుడు వాపు మీదనే మళ్లీ మళ్లీ పొడుసుడు తప్పు. వాపుకు దూరంగా నరం మొదట్లో వెయ్యాలె, చీముకు దారి చెయ్యాలె, అవసరమైతేనే యాంటీబయాటిక్. ఒట్టి గోలీలతో చీము పోదు. కొన్నాళ్లు అణిగి మళ్లీ లేస్తది.

మిర్యాలగూడ మత్తు వైద్యం:
డాక్టర్ గారూ, మీ పద్ధతి రెండో విడతకు వచ్చేవాళ్లకు పనికొస్తుంది. తీవ్రమైన భయం ఉన్నవాళ్లు మొదటి రోజు తర్వాత మళ్లీ కనబడరు, నొప్పి తగ్గిందంటే ఇక అసలే రారు. అట్లాంటివాళ్లకు పూర్తి మత్తులో రెండు గంటల్లో పీకాల్సినవి పీకి, ఫిల్లింగులు పెట్టి, గార తీసి పంపొచ్చు. ఆరు గంటల ముందు నుంచి అన్నం వద్దు, రెండు గంటల ముందు నుంచి నీళ్లు కూడా వద్దు. రక్త పరీక్షలు, ఈసీజీ చూసుకోవాలి. ఇది ఆసుపత్రి థియేటర్‌లోనే, మత్తు డాక్టర్ పక్కన ఉండగానే.

మధ్యదారి కూడా ఉంది: నైట్రస్ ఆక్సైడ్ గాలి. ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మాస్క్‌తో ఇస్తారు. తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, ఎక్కువమందికి 30 నుంచి 50 శాతంలోపు సరిపోతుంది. మనిషి మెలకువగానే ఉంటాడు, చెప్పింది వింటాడు. చివర అయిదు నిమిషాలు ఒట్టి ఆక్సిజన్ ఇస్తే తేరుకుంటాడు. జలుబుతో ముక్కు మూసుకుపోయిన రోజు ఇది పనిచెయ్యదు. నొప్పిని పూర్తిగా ఆపదు కూడా, సూది వేయాల్సిందే.

దేవరకొండ దంతవైద్యం:
సార్, పూర్తి మత్తుతో పని అయిపోతదన్న మాట మీదనే నా అభ్యంతరం. నోట్లో అడ్డం పెట్టి, గొట్టం వేసి ఉన్నప్పుడు పై పండ్లు కింది పండ్లతో ఎట్ల కలుస్తున్నయో చూడలేం. ఫిల్లింగ్ ఎత్తయితే మరునాడు నమలంగనే నొప్పి, దాన్ని అరగదీయనీకి మెలకువతోనే మళ్లీ రావాలె. రూట్ కెనాల్ చేసిన దవడ పంటికి క్యాప్ వెయ్యనీకి ఇంకో రెండుసార్లు. అప్పుడు కుర్చీల కూసునేది అదే భయమున్న మనిషే గద. ఇంకొకటి: ఒక్కసారే చెయ్యాలంటే, రూట్ కెనాల్‌తో నిలిచే పన్నును కూడా పీకే దిక్కే మొగ్గుతరు.

నకిరేకల్ ఫార్మసిస్ట్:
భయం తగ్గే గోలీ కావాలని మెడికల్ షాపుకు వచ్చేవాళ్ల గురించి ఒక హెచ్చరిక. ఆల్ప్రాజోలం, డయాజెపాం చీటీ లేకుండ ఇయ్యొద్దు, తీసుకోవద్దు. డాక్టర్ రాసిచ్చినా ఆ రోజు బండి నడపొద్దు, వెంట ఒక మనిషి ఉండాలె.

మన జిల్లాల్లో దీనికి ఇంకో కోణం ఉంది. కల్తీ కల్లులో ఈ మందులనే కలిపిన కేసులు పాలమూరు దిక్కు ఎన్నోసార్లు బయటపడ్డయి. రోజూ అది తాగేటోళ్లకు మామూలు మోతాదు పట్టదు. తాగివచ్చి గోలీ వేసుకుంటే శ్వాస మందగిస్తది. పంటి పనికని ఒక్కసారే కల్లు మానేస్తే చేతులు వణుకుతయి, ఫిట్స్ రావచ్చు. తాగే అలవాటు దాయొద్దని పెద్దమనుషులకు ఇంట్లోవాళ్లు నచ్చజెప్పాలె. ఇది పరువు సంగతి కాదు, ప్రాణం సంగతి.

పాలమూరు చిగుళ్ల వైద్యం:
మాస్టారు "తిడతడు" అన్నరు గద, ఆ సిగ్గు సంగతి ఎవ్వరూ ముట్టలే. నల్లగొండ మనుషులు నోరు తెరవనీకి జంకేది చానావరకు గోధుమ మచ్చలను చూసే. ఎనిమిదేండ్లలోపు, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడు తాగిన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువుంటే వచ్చే మచ్చ అది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె, వేరే నీళ్లు దొరకకుంటే 1.5 దాటొద్దన్నది మన దేశ ప్రమాణం. పండ్లు తోముకోకుంట వచ్చింది కాదు, ఆ మనిషి తప్పు కాదు. మొదటి రోజే డాక్టర్ ఈ మాట చెప్పాలె. గార తీస్తే ఈ మచ్చ పోదని కూడా అప్పుడే చెప్పాలె, లేకుంటే పని అయినంక మోసపోయిన అనుకుంటరు. ఈ పండ్లకు ఫిల్లింగ్ పెట్టేటప్పుడు యాసిడ్ జెల్ మామూలు కంటె ఎక్కువసేపు ఉంచాలె. లేకుంటే పట్టు చిక్కక ఫిల్లింగ్ ఊడుతది.

పదేండ్ల గార ఒకేరోజు తియ్యొద్దు, కుడి సగం ఒకనాడు, ఎడమ సగం ఒకనాడు. కింద రెండు దిక్కులా ఒక్కసారే తిమ్మిరెక్కిస్తే తెలియకుంట నాలుకనో పెదవినో కొరుక్కుంటరు. గార తీసినంక పండ్లు ఊగుతున్నయంటే మిషన్ కదిపింది కాదు. ఎముక ఎప్పుడో కరిగింది, గార సిమెంట్ లెక్క పట్టి ఉంచింది. చల్లటిది జివ్వుమనుడు ఒకటి రెండు వారాలల్ల తగ్గుతది.

మిర్యాలగూడ మత్తు వైద్యం:
క్యాప్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. అయినా వాంతి వచ్చినట్టు గొంతు తిరిగేవాళ్లకు, కుర్చీలో అయిదు నిమిషాలు కూడా నిలవలేనివాళ్లకు మత్తే దారి అన్న మాట మీదనే ఉన్నాను. మత్తుకు ముందు నోరు ఎంత తెరుచుకుంటుందో చూడాలి. గుట్కా, జర్దా నమిలేవాళ్లకు బుగ్గల లోపల బిగుసుకుపోయి, నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టవు. శ్వాస గొట్టం వేయడం కష్టం, అందుకే ముందే చెప్పాలి. నార్కెట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో దంత వైద్య కళాశాలలు ఉన్నాయి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఇట్లాంటివాళ్లు ముందు అక్కడ చూపించుకోవడం మంచిది.

మునుగోడు మాస్టర్:
సూది సంగతి ఇంకొంచెం వివరంగ చెప్పుండ్రి డాక్టరమ్మా. అసలు భయం అదే.

దేవరకొండ దంతవైద్యం:
చిగురును దూదితో ఆరబెట్టి మత్తు జెల్ రాసి, గడియారం చూసి రెండు నిమిషాలు ఆగాలె. తడి మీద రాస్తే ఉమ్ముతోటి కొట్టుకపోతది. 27 గేజ్ సన్న సూది. మందు నిమిషానికి ఒక మిల్లీలీటరు లెక్కన మెల్లగ ఎక్కించాలె. మంట పుట్టేది ఎక్కువగ తొందరవడి నెట్టుతేనే. కింది దవడకైతే అయిదు నిమిషాలు, ఒక్కోసారి పది ఆగి, పెదవి సగం మొద్దుబారిందా అని అడిగినంకనే పని మొదలుపెట్టాలె. మొద్దుబారలేదంటే ఆగుండ్రని అడిగే హక్కు పేషెంటుకు ఉంది.

సూది తర్వాత గుండె దడదడమంటే చాలామంది "మందు పడలే" అనుకుంటరు. మందుల కలిసిన అడ్రినలిన్ అది, కొన్ని నిమిషాలల్ల తగ్గుతది. గుండె జబ్బు, బీపీ ఉన్నోళ్లు ముందే చెప్తే మోతాదు తగ్గిస్తరు. కండ్లు తిరిగి పడేది ఎక్కువగ భయంతోటి, పరగడుపున వచ్చినోళ్లకే ఇంకా తొందరగ. పూర్తి మత్తు కాకుంటే తిని రావాలె, షుగర్ గోలీ మానొద్దు. రక్తం పల్చబడే గోలీ వాడుతుంటే సొంతంగ ఆపొద్దు, అడగాలె. పై పన్ను పీకితే కండ్లు పోతయన్న మాటకు ఆధారం లేదు, పంటి నరం వేరు, చూపు నరం వేరు.

ఒక్కటి మాత్రం ఏ విడత కోసమూ చూడొద్దు. దవడ కింద గట్టి వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవుడు, ఉమ్ము మింగలేకపోవుడు కలిసి వస్తే అదే రాత్రి పెద్ద దవాఖానకు పోవాలె. ఆ వాపు గొంతులోకి దిగితే ఊపిరి ఆడదు.