స్క్వాట్‌కీ డెడ్‌లిఫ్ట్‌కీ ఒకే స్టాన్స్ ఉండాలా? సుమోకి మారాక గజ్జల్లో పట్టేస్తోంది

కాళ్లపొడుగు83:
అందరికీ నమస్తే. నేను పవర్‌లిఫ్టింగ్‌లో 83 కేజీల బరువు క్లాసు. బెల్టు, నీ స్లీవ్స్ తప్ప వేరే గేర్ వాడను. స్క్వాట్ లో-బార్‌తో (బార్‌ని వీపు మీద కాస్త కిందికి పెట్టి), కాళ్లు బాగా ఎడంగా పెట్టి చేస్తాను. 165 కేజీల దాకా వచ్చింది. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని నిలబడేదాకా లేపడం) మొదటి నుంచీ కన్వెన్షనల్ (కాళ్లు దగ్గరగా, చేతులు వాటికి బయట), 195. బార్ నేల మీంచి గబుక్కున లేస్తుంది కానీ మోకాళ్లు దాటాక ఆగిపోతుంది. అప్పటికే వీపు వంగిపోయి ఉంటుంది, లాకౌట్ కోసం (పైన పూర్తిగా నిటారుగా నిలబడటానికి) నానా తిప్పలు.

మా జిమ్‌లో సీనియర్లది ఒకటే మాట: "స్క్వాట్‌లో కాళ్లు ఎక్కడ పెడతావో డెడ్‌లిఫ్ట్‌లోనూ అక్కడే పెట్టు, ఒకదాని బలం ఇంకోదానికి పనికొస్తుంది." అది విని సుమోకి (కాళ్లు బాగా ఎడంగా, చేతులు వాటి మధ్య) మారాను. ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. 180కే బార్ నేలకి అతుక్కుపోయినట్టు ఉంటోంది. ఒక్క అంగుళం లేచిందంటే మాత్రం పైదాకా సాఫీగా వచ్చేస్తుంది. పైగా రెండు లిఫ్టుల్లోనూ కాళ్లు ఎడంగానే ఉండటంతో వారం చివరికి గజ్జల్లో పట్టేస్తోంది, స్క్వాట్‌లో డెప్త్ (ఎంత కిందికి కూర్చోగలనో) కూడా తగ్గిపోయింది. నాకు కాళ్లు పొడవు, మొండెం పొట్టి, చేతులు మామూలే. పోటీ ఇంకా చాలా దూరంలో ఉంది కాబట్టి ఇప్పుడే సరిచేసుకోవాలని ఉంది. రెండింటికీ నిజంగా ఒకే స్టాన్స్ ఉండాలా?

హుక్‌గ్రిప్:
బ్రదర్, 195 లాగిన స్టైల్ వదిలేసి 180కే ఇరుక్కునే స్టైల్ ఎందుకు? కన్వెన్షనల్‌కే వెళ్లిపోండి. పవర్‌లిఫ్టర్ లామార్ గాంట్ 1985లో ఒంటి బరువుకి ఐదు రెట్లు లాగింది కన్వెన్షనల్‌లోనే. లాకౌట్ బలహీనంగా ఉంటే బ్లాక్ పుల్స్ (బార్‌ని దిమ్మల మీద ఎత్తులో పెట్టి లాగడం), రోయింగ్ పెంచండి, వీపు గట్టిపడుతుంది.

మూడుతెల్లలైట్లు:
హుక్‌గ్రిప్ గారూ, గాంట్ చేతులు మోకాళ్ల దాకా వచ్చేవి. ఈయన చేతులు మామూలే అంటున్నారు, కాళ్లేమో పొడవు, మొండెం పొట్టి. ఇలాంటి ఒళ్లు కన్వెన్షనల్‌లో బార్ అందుకోవాలంటే దాదాపు నేలకి సమాంతరంగా వంగాలి. వీపు గుండ్రంగా అవుతోందంటే అది ఒక్క బలహీనత వల్లే అని నేను అనుకోను.

అసలు ప్రశ్నకి వస్తాను. ఒకే స్టాన్స్ ఉండాలన్న మాట నాకు చాలా కాలంగా మింగుడుపడదు, ఎందుకో వివరంగా చెప్తాను. నేను 63 కేజీల క్లాసులో పోటీ చేస్తాను, మా జిమ్‌లో కొత్తగా వచ్చేవాళ్లకి టెక్నిక్ కూడా నేనే చూస్తాను. కాళ్లు ఎడంగా ఉంటే రెండూ ఒకే కదలిక అనిపిస్తుంది. కానీ పక్క నుంచి వీడియో తీసి, సుమో మొదలయ్యే క్షణాన్నీ స్క్వాట్ అడుగునున్న క్షణాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. స్క్వాట్‌లో తుంటి దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి పోవాలి, లేకపోతే రెడ్ లైట్, అంటే జడ్జీలు ఆ లిఫ్ట్ చెల్లదంటారు. సుమోలో తుంటి అంత కిందికి ఎప్పుడూ పోదు. బార్ నేల మీంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో మీ కోసం ఆగే ఉంటుంది కాబట్టి మోకాళ్ల కంటే కాస్త పైనే సెటప్ అయిపోతుంది. అంటే సుమోలో హాయిగా ఉన్న ఎడం, స్క్వాట్ డెప్త్‌లో తుంటి ఎముక ఎముకకి తగిలే ఎడం కావచ్చు. మీ డెప్త్ తగ్గడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఇంకోటి. బాగా ఎడంగా స్క్వాట్ చేయమనే సలహా చాలావరకు స్క్వాట్ సూట్ వేసుకునే లిఫ్టర్ల దగ్గర నుంచి వచ్చింది. ఆ సూట్ తుంటి దగ్గర బిగుసుకుని అడుగు నుంచి పైకి తోస్తుంది, అందుకే వాళ్లు కాళ్లు అంత ఎడం పెట్టి వెనక్కి కూర్చుంటారు. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య ఐపీఎఫ్, సూట్లు లేని క్లాసిక్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ మొదలుపెట్టింది 2013లో. అంతకుముందు నేర్చుకున్న సీనియర్ల నోట ఆ సలహాలు రావడం సహజం. మీకేమో సూట్ లేదు, ఆ పనంతా మీ అడక్టర్స్ (తొడ లోపలి వైపు కండరాలు) చేస్తున్నాయి.

స్క్వాట్ ఎడం వెతకడానికి నేను చేయించేది ఇది. నేల మీద మోకాళ్లు, అరచేతులు ఆనించి, పిరుదుల్ని నెమ్మదిగా మడమల వైపు జరపండి. నడుము ఎక్కడ మడతపడటం మొదలవుతుందో పక్కన ఒకరిని చూడమనండి. మోకాళ్ల మధ్య ఎడం కొద్దికొద్దిగా మారుస్తూ మళ్లీ చేయండి. నడుము చెదరకుండా అన్నిటికంటే వెనక్కి పోగలిగిన ఎడం ఒకటి దొరుకుతుంది. లేచి నిలబడి అదే ఎడంతో, పాదాలు కాస్త బయటికి తిప్పి, ఖాళీ బార్‌తో మొదలుపెట్టండి. చాలామందికి ఇది భుజాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ దగ్గర తేలుతుంది. మొదట్లో బరువు తగ్గుతుంది, కంగారు పడకండి.

సుమో విషయానికి వస్తే, దాన్ని దొంగదారి అనేవాళ్లు చూపించే లెక్క నిజమే. 2000లో పరిశోధకుడు ఎస్కమిల్లా బృందం జాతీయ స్థాయి పోటీలోనే లిఫ్టర్లను వీడియో తీసి కొలిచింది. కన్వెన్షనల్‌లో బార్ ప్రయాణించే దూరం, చేయాల్సిన పని సుమారు 25 నుంచి 40 శాతం ఎక్కువని తేలింది. మరి సుమోకి మారినవాళ్లందరి డెడ్‌లిఫ్ట్ అంత శాతం పెరగాలి కదా? పెరగదు. లిఫ్ట్ పోయేది మొత్తం దూరం వల్ల కాదు, ఒక్క ఇరుకు చోట వల్ల. కన్వెన్షనల్‌లో ఆ చోటు సాధారణంగా మోకాళ్ల పైన, సుమోలో నేల దగ్గర. మీకు రెండూ అచ్చం అలాగే ఉన్నాయి. అందుకే 180 అతుక్కుపోయిందని సుమో మీకు పడదని తీర్మానించేయకండి. ఆ మొదటి అంగుళానికి కావాల్సిన క్వాడ్స్ (తొడ ముందు కండరాలు) బలం, ఓపిక మీకు ఇంకా రాలేదంతే.

ఇప్పుడు మీరైతే ఏం చేయాలంటే: స్క్వాట్ మధ్యస్థంగా, డెడ్‌లిఫ్ట్ సుమో, రెండింటి బరువైన రోజుల మధ్య కనీసం రెండు రోజుల ఎడం. వారంలో ఇంకో రోజు కన్వెన్షనల్ తేలికగా, వీపు కోసం. పవర్‌లిఫ్టర్ ఎడ్ కోన్ 1991లో 100 కేజీల క్లాసులో 901 పౌండ్లు, అంటే 408 కేజీల పైచిలుకు, లాగింది సుమోలోనే. అయినా పోటీలు లేని రోజుల్లో కన్వెన్షనల్ వదల్లేదు.

ఫిజియో_లిఫ్టర్:
గజ్జల్లో పట్టేయడం గురించి మాత్రమే చెప్తాను. తొడ లోపలి వైపు కండరం బిగుసుకుని, వేడెక్కాక తగ్గిపోతుంటే అది ఎక్కువ పని పడ్డ అడక్టర్ నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ, పై అక్క చెప్పినట్టు భారం పంచితే తగ్గుతుంది. అలా కాకుండా తుంటి ముందు భాగంలో, మడత దగ్గర, సూదిగా నొక్కినట్టు ఉంటే దాన్ని స్ట్రెచింగ్‌తో సాగదీయకండి, ఇంకా రేగుతుంది. దగ్గినా నడిచినా నొప్పి ఉంటే లిఫ్టింగ్ ఆపి ముందు చూపించుకోండి. మామూలు కండరం నొప్పే అయితే కోపెన్‌హాగన్ ప్లాంక్ (పక్కకి తిరిగి, పై కాలు బెంచ్ మీద ఆనించి ఒంటిని నిలబెట్టడం) మోకాలు బెంచ్ మీద పెట్టి మొదలుపెట్టండి. నొప్పి లేకుండా నిలబెట్టగలిగితేనే పాదం మీదికి మారాలి.

కాళ్లపొడుగు83:
చాలా థ్యాంక్స్ అక్కా, థ్యాంక్స్ డాక్టర్ గారూ. ముందు భాగంలో సూది నొప్పి లేదు, లోపలి వైపే. నేల మీద మోకాళ్ల టెస్ట్ చేశాను. నేను ఇన్నాళ్లూ పెడుతున్న ఎడంలో నడుము వెంటనే మడతపడుతోంది, దానికంటే చాలా దగ్గరగా పెడితే హాయిగా పోతోంది! ఇంకొక్క ప్రశ్న. సుమోలో ఆ మొదటి అంగుళం కోసం ప్రత్యేకంగా ఏం చేయాలి? కాళ్లు ప్లేట్ల దాకా పెట్టాలా?

మూడుతెల్లలైట్లు:
ప్లేట్ల దాకా అక్కర్లేదు. ఎంత ఎడం పెడితే నేల మీంచి లేపడం అంత కష్టం, ముందు కొంచెం దగ్గరికి రండి. బార్ పట్టుకున్నాక షిన్ (మోకాలి కింది ముందు భాగం) పక్క నుంచి చూస్తే నిలువుగా ఉండాలి, మోకాలు పాదం తిరిగిన వైపే చూడాలి. మోకాళ్లు లోపలికి పడుతున్నాయంటే ఎడం ఎక్కువైందని అర్థం.

ఇక లాగడం. ఒక్క ఉదుటున గుంజకండి. చేతులు తాళ్లలా వదిలేసి, ఛాతీ పైకి తెస్తూ బార్ వంగేదాకా స్లాక్ (బార్‌లో, చేతుల్లో ఉన్న వదులు) తీయండి. ప్లేట్ల రంధ్రంలో బార్ పైకి ఆనినప్పుడు "టక్" మని చిన్న శబ్దం వస్తుంది. అది వినపడ్డాకే కాళ్లతో నేలని రెండు వైపులా చీల్చుతున్నట్టు తోయండి. బార్ వెంటనే కదలదు. ఆ క్షణంలోనే అందరూ పిరుదులు పైకి లేపేసి కన్వెన్షనల్‌లా లాగేస్తారు. మీరు తుంటిని అక్కడే ఉంచి తోస్తూనే ఉండండి. పాజ్ సుమో కూడా చేయండి, బార్ నేలకి అంగుళం పైన ఆపి, 130 దగ్గర, మూడేసి రెప్స్. ముందు, పక్క రెండు వైపుల నుంచి వీడియో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.